మూడు రోజులు వెనక నడిచిన కాటా

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. పెద్ద కొడప్‌గల్ కాటా దగ్గరి కంప్యూటర్ మా ఫ్యాక్టరీతో కలవకుండా మొండికేసిన వారం, రిజిస్టర్‌లో "గడియారం బ్యాటరీ పోయింది, మార్చాను" అని రాశాను. బ్యాటరీ బాగానే ఉంది. బాగున్నదాన్ని తీసి, సంచిలోని కొత్తది వేసి, తీసినదాన్ని ఇంటికి తెచ్చి డైరీలు దాచుకునే పెట్టెలో పడేశాను. డైరీలో కూడా ఆ రోజు "బస్సులో బాగా ఎండ" అని మాత్రమే రాసుకున్నాను.

నాది విశ్రాంతి తీసుకునే వయసు కాదు. ముప్పై ఒకటో ఏట ఉద్యోగం మానేసి అనుభవాలు రాస్తానంటే మా పెద్దమ్మ "ఏం ఘనకార్యం జేసినవని?" అని నవ్వింది. అయినా బాన్సువాడ దగ్గరి ఆ చక్కెర ఫ్యాక్టరీలో తొమ్మిది సీజన్లు కంప్యూటర్లను కలిపే పని చూశాను. నా కుర్చీలోకి వచ్చిన అమ్మాయి మొన్న ఫోన్ చేసి "అక్కా, మాన్యువల్ ఎక్కడుంది?" అని అడిగింది. అల్మారాలో ఉందని చెప్పాను. అందులో లేని సంగతులు ఇవి.

గోడ మీది పాస్‌వర్డ్

ఫ్యాక్టరీకి చుట్టుపక్కల ఊళ్లలో ఐదు కాటాలుండేవి. ఫలానా తేదీలోగా తెమ్మని ఫ్యాక్టరీ ఇచ్చిన పర్మిట్ మీద రైతు చెరకు కొట్టించి, బండిలోనో ట్రాక్టర్‌లోనో కాటాకు తెస్తాడు. అక్కడ తూకం వేసి చిట్టీ ఇస్తారు. కాటా కంప్యూటర్ ఫోన్ లైన్ మీద ఫ్యాక్టరీకి కలిసి ఆ తూకం పంపితే, ఆ చెరకును ఫ్యాక్టరీకి మోసే లారీకి ఒక టోకెన్ నంబరు వస్తుంది. నంబరు లేని లారీకి ఫ్యాక్టరీ గేటు తెరుచుకోదు. కంప్యూటర్ కలవకపోతే నా బల్ల మీద ఫోన్ మోగుతుంది.

నాకు మాట్లాడటమంటే చిన్నప్పటి నుంచీ బెరుకు. బస్సులో పుస్తకానికి పేపర్ అట్ట వేసుకుని చదివేదాన్ని, పక్కవాళ్లు పేరు చూసి పలకరిస్తారేమోనని. అందుకే ఫోన్‌లో అడగాల్సిన ప్రశ్నలు ముందే ఒక కాగితం మీద వరసగా రాసుకుని బల్ల అద్దం కింద పెట్టుకున్నాను. కరెంటు ఉందా? లైన్‌లో గరగర ఉందా? తెర మీద ఏం రాసి ఉంది? టైమ్ ఎంత చూపిస్తోంది? కొత్తగా పనిలోకి వచ్చేవాళ్లు అలాంటి కాగితం ఒకటి రాసుకోవడం మంచిదే. అయితే అందులో లేని ప్రశ్న మీకు తట్టదని గుర్తుంచుకోండి.

మొదట్లో ఒక్కో కాటాకు ఒక పాస్‌వర్డ్ ఉండేది. మా పై అధికారి వెంకట్రావు గారు ఒకసారి తనిఖీకి వెళ్లారు. వాళ్ల కుటుంబం ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద వరి వేసుకుని స్థిరపడింది. మాట మాత్రం ఆ తీరుగానే ఉండేది. పెద్ద కొడప్‌గల్ కాటా గుమస్తా లింబాద్రి కిటికీ పైన సుద్దతో పాస్‌వర్డ్ రాసి పెట్టాడు, పెద్ద అక్షరాలతో.

"ఏవయ్యా, ఇంటికి తాళం వేసి తాళంచెవి గుమ్మానికి వేలాడదీశావే!" అన్నారు వెంకట్రావు గారు.

"సార్, నేను సెలవుల వోతె నా జాగల వచ్చినోనికి ఎట్ల దెలుస్తది?" అన్నాడు లింబాద్రి. "నాకు జెరమొస్తె కాటా బందువెడ్తమా?"

ఆ తర్వాతే సర్టిఫికెట్లు వచ్చాయి. సర్టిఫికెట్ అంటే మనిషికి కాకుండా మిషనుకు ఇచ్చే గుర్తింపు కార్డు అనుకోండి. ఇది ఏ మిషను, దీన్ని ఎవరు నమ్మి ఇచ్చారు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చెల్లుతుంది అన్నవి దాని మీద ఉంటాయి. ఈ మూడింటిలో ఏది తేడా వచ్చినా కంప్యూటర్ లోపలికి రానివ్వదు. ఎందుకు రానివ్వలేదో మాత్రం సరిగ్గా చెప్పదు. మన ఉద్యోగమంతా ఆ చెప్పని మాట కోసం వెతకడమే.

తాళంకప్ప తెచ్చి చెవి మరిచిన కెమిస్టు

అందరూ మొదట చేసే తప్పు ఒకటుంది, చిన్నది కాబట్టి ముందే చెప్తాను. ఫ్యాక్టరీ ఆవరణలో గేటు నుంచి ల్యాబ్ దాకా తీగ లేకుండా కలిసే ఏర్పాటు పెట్టాం. ల్యాబ్ కెమిస్టు తన ల్యాప్‌టాప్‌కు వైరస్ పట్టిందని ఎవరిచేతనో మొత్తం తుడిపించి మళ్లీ ఎక్కించుకున్నాడు. "సర్టిఫికెట్ జాగ్రత్తగా కాపీ చేసి పెట్టుకున్నా మేడం, మళ్లీ వేసుకున్నా. అయినా కలుస్తలేదు" అన్నాడు. నిజమే, సర్టిఫికెట్ తెర మీద కనిపిస్తోంది. దానికి జతగా లోపల దాగి ఉండే రహస్యపు తాళంచెవి మాత్రం తుడుపులో పోయింది. అతను కాపీ చేసుకున్నది తాళంకప్ప ఒక్కటే. సర్టిఫికెట్ కనబడుతోంది కదా అని నేను ఒక పూటంతా గోడకున్న యాంటెన్నా చుట్టూ తిరిగాను. కళ్లకు కనబడినదాన్ని ఉన్నట్టే లెక్క వేసుకోవడం నా అలవాటు. పెద్ద కొడప్‌గల్ విషయంలో కూడా అదే అలవాటు నన్ను ముంచింది.

వానలో మార్చిన కార్డులు

ఆ ఏడు చెరకు ఆడే క్రషింగ్ సీజన్ మధ్యలో, అకాలంగా, సోమ మంగళవారాలు వాన పడింది. బుధవారం తెరిపి ఇచ్చింది. ఐదు కాటాల సర్టిఫికెట్ల గడువు ఆ నెలాఖరుకు ముగుస్తోంది. వాన వల్ల బండ్లు తక్కువ వస్తాయి, ఇదే మంచి సమయమనుకుని బుధవారం మధ్యాహ్నం కొత్తవి తయారు చేసి, ఫోన్ లైన్ మీద ఐదింటికీ పంపి, గుమస్తాల చేత ఎక్కించాను. ఎక్కాయని అందరూ చెప్పగానే పాతవి రద్దు చేసేశాను.

కొత్త సర్టిఫికెట్‌తో ఒక్కసారి కలిసి చూశాకే పాతది రద్దు చేయాలి. ఇది ఇప్పుడు చిన్న పిల్లలకు కూడా చెప్పగలను. ఆ రోజు మాత్రం బల్ల శుభ్రంగా కనబడాలన్న ఆత్రం.

గురువారం పొద్దున నాలుగు కాటాలు కలిశాయి. పెద్ద కొడప్‌గల్ కలవలేదు.

"ఏమని వస్తోంది లింబాద్రన్నా?"

"సర్టిఫికెట్ దొరుకలేదని ఇంగ్లీషుల చెప్తుంది మేడం. నువ్వు నిన్ననే పంపితివి గదా, ఎటు వోయిందట?"

"టైమ్ ఎంత చూపిస్తోంది?"

"పదీ ఇరవై."

నా గోడ గడియారం కూడా పదీ ఇరవయ్యే. కాగితం మీద ఆ ప్రశ్నకు టిక్కు పెట్టాను. ఎక్కించడంలో పొరపాటు జరిగిందనుకుని ఇంకో కొత్త సర్టిఫికెట్ తయారు చేసి, సీడీలో పెట్టి మధ్యాహ్నం బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపాను. అదీ కలవలేదు. సాయంత్రం లింబాద్రి గొంతులో విసుగు వినబడింది.

"తూకం ఏసిన చెరుకు గుట్టలు వడ్డది. టోకెన్ లేక లారీలు కదుల్తలేవు. జాగ లేదు, బండ్లు తొవ్వ మీదికొచ్చినయి. ఫోన్ల ముచ్చట ఇగ చాలు గని, నువ్వే రా."

చిట్టీ మీద మంగళవారం

శుక్రవారం పొద్దున మొదటి బస్సులో వెళ్లాను. కాటా నుంచి రోడ్డు దాకా బండ్లే. చెరకు కొట్టడానికి మహారాష్ట్ర నుంచి వచ్చిన కూలీల గుంపు బండ్ల నీడన కూర్చుని మరాఠీలో ఎవరినో తిడుతోంది, బహుశా నన్నే. చెరకు ఆకు కొసలు ఎండి తెల్లబడుతున్నాయి. కొట్టిన చెరకు ఆగితే బరువు తగ్గుతుంది, తీపి తగ్గుతుంది. అంతకు ముందు అది నాకు మాటగానే తెలుసు. ఆ రోజు ముక్కుకు పులిసిన వాసనగా తెలిసింది.

లోపలికి వెళ్లి గంటన్నర సేపు నాకు వచ్చినవన్నీ చేశాను. సర్టిఫికెట్ ఉంది. తాళంచెవి కూడా ఉంది, కెమిస్టు పుణ్యమా అని అది మొదటే చూశాను. ఇచ్చినవాళ్ల ముద్ర సరిగ్గా ఉంది. మళ్లీ ఇంకోటి తయారు చేద్దామా అని ఆలోచిస్తుంటే ఒక ముసలామె కిటికీలోంచి చిట్టీ అందించింది. పేరు సాయవ్వ. ఎకరంన్నర చెరకు ఆమెది. భర్త లేడు. రెండు బండ్లు తోలుకుని గురువారం నుంచి అక్కడే ఉందట.

"బిడ్డా, నీకు సదువొస్తది గదా, గీ చిట్టి సూడు. నా పేరు మంచిగ వడ్డదా? పోయినసారి సాయన్న అని రాసిండ్రు, నన్ను మొగోన్ని జేసిండ్రు."

పేరు సరిగ్గానే ఉంది. పైన తేదీ చూశాను.

"అవ్వా, ఇదెప్పుడిచ్చిండ్రు?"

"గిప్పుడే బిడ్డా. ఇంక సిరా గూడ ఆరలే."

"దీని మీద మంగళారం తారీకుంది."

లింబాద్రి కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. "మేడం, జర బయటికి రా" అన్నాడు. యాభై దాటిన మనిషి. గది వెనక తూకం రాళ్ల దగ్గర నిలబడి, నా మొహం వంక చూడకుండా చెప్పాడు.

"దొరికింది గదా. ఇగ ఏం రాసుకుంటవో రాసుకో."

"తారీకు నువ్వే వెనుకకు వెట్టినవా అన్నా?"

"రోజు పొద్దుగాల నేనే వెడుతున్న. వీళ్ల పర్మిట్లు మంగళారంతోని అయిపోయినయి. చెరుకు సోమారమే కొట్టిండ్రు. బండ్లు బురదల దిగవడ్డయి. తారీకు దాటితె మిషన్ తీసుకోదు. కొత్త పర్మిటంటె పదిహేనొద్దులు. కొట్టిన చెరుకు పదిహేనొద్దులు ఆగుతదా? పొయ్యిల వెట్ట పనికొస్తది."

"నాకు ఫోన్ల జెప్పకపోతివి? టైమ్ ఎంతని అడిగిన గదా!"

"టైమడిగినవ్. టైమ్ కరెక్టు చెప్పిన. తారీకు అడిగితె చెప్తుంటినో లేదో, నువ్వయితె అడగలే."

అప్పుడు మొత్తం అర్థమైంది. ఆ కంప్యూటర్‌కు అది ఇంకా మంగళవారమే. నేను బుధవారం ఇచ్చిన సర్టిఫికెట్ దాని లెక్కలో ఇంకా పుట్టలేదు, అందుకే దొరకలేదంది. గురువారం ఇంకోటి ఇచ్చి దాన్ని మరింత దూరం జరిపాను. మంగళవారం కూడా చెల్లే పాత సర్టిఫికెట్‌ను నా చేతులతోనే రద్దు చేశాను. తెర మూలన టైమ్ మాత్రమే కనిపిస్తుంది, తేదీ కోసం దాని మీదికి బాణం జరపాలి. గంటన్నరలో ఒక్కసారి కూడా జరపలేదు.

తేదీ సరి చేస్తే కంప్యూటర్ కలుస్తుంది, కానీ మిగిలిన బండ్ల పర్మిట్లు చెల్లవు. అలాగే ఉంచితే తూకం పడుతుంది, కానీ లారీ కదలదు. ఫ్యాక్టరీ నియమం తప్పని నేను అనను. పాత చెరకు వస్తే చక్కెర తగ్గుతుంది, గడువు లేకపోతే అందరూ ఒకే రోజు వస్తారు. కానీ ఆ నియమం రాసినవాళ్లు వానను లెక్కలోకి తీసుకోలేదు.

"గడువు దాటినయి ఇంకెన్ని బండ్లున్నయి?" అని అడిగాను.

"పదకొండు."

"అవన్నీ ముందు తూకమెయ్యి. తర్వాత తారీకు మారుస్త."

లింబాద్రి నన్ను మొదటిసారి సూటిగా చూశాడు. "నీ నౌకరి?" అన్నాడు. నేను లోపలికి నడిచాను.

పదకొండు బండ్లూ తూకమయ్యేదాకా పక్కన కూర్చున్నాను. తూకాలన్నీ నిజమైనవి, తేదీ ఒక్కటే అబద్ధం. తర్వాత తేదీ శుక్రవారానికి మార్చాను. మొదటి ప్రయత్నంలోనే కలిసింది. నంబర్లు రాగానే లారీ డ్రైవర్లు హారన్లు కొట్టారు. సాయవ్వ బండి దగ్గరి నుంచి "పెద్ద సదువు బిడ్డా నీది" అని అరిచింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. రిజిస్టర్ తెరిచి బ్యాటరీ సంగతి రాశాను.

వెంకట్రావు గారి ప్రశ్న

సోమవారం ఆయన రిజిస్టర్ చదివి నన్ను పిలిచారు.

"బ్యాటరీ పోతే తేదీ ఏళ్ల వెనక్కి పోవాలి కదమ్మా. మూడు రోజులే పోయిందా?"

నేను నేల చూశాను.

"సరే" అన్నారు. "అన్ని కాటాల గడియారాలూ ఇకనుంచి ఫ్యాక్టరీ గడియారాన్ని చూసుకునేటట్టు చెయ్యి. అక్కడ ఎవరూ తేదీ ముట్టుకోకుండా తాళం వెయ్యి. నువ్వే వెయ్యి."

అది సరైన ఆజ్ఞే. ఆ పని ఆయన చెప్పకముందే నేను చేసి ఉండాల్సింది. కానీ వేసేస్తే, మళ్లీ వాన పడిన రోజున లింబాద్రికి వేరే దారి లేదు. అతన్ని కాపాడాలని రాసిన అబద్ధంతో అతని చేతులే కట్టేస్తున్నాను. తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. ఆ ఫ్యాక్టరీలో అడగకుండా నేను మాట్లాడిన మొదటి మాట అది.

"సార్, వాన పడితే పర్మిట్ గడువు పెంచాలి సార్."

"నీది కంప్యూటర్ పని కదమ్మా. పర్మిట్ సంగతి నీకెందుకు?"

"ఆ చెరకు చూశాను సార్."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మా నాన్న వరి కూడా ఒకసారి కల్లంలో మొలకెత్తింది" అన్నారు. తర్వాత రిజిస్టర్ ముందుకు లాక్కుని, "నువ్వు రాసింది నేను నమ్మలేదు. ఈసారికి సంతకం పెడుతున్నా. ఇంకోసారి ఇలాంటిది నా ముందుకు తేకు" అన్నారు.

నెల తిరక్కుండా కొత్త నియమం వచ్చింది. వాన పడిందని కాటా నుంచి రాసి పంపితే, ఫ్యాక్టరీలో చెరకు వ్యవహారాలు చూసే కేన్ ఆఫీసర్ సంతకంతో మూడు రోజుల దాకా గడువు పెరుగుతుంది. దాని కోసం వెంకట్రావు గారు ఎవరెవరితో పోట్లాడారో నాకు చెప్పలేదు. నా పై అధికారుల్లో నేను గౌరవించిన ఒకే ఒక్కరు ఆయన. సంతకం పెట్టినందుకు కాదు, నమ్మలేదని మొహం మీద చెప్పినందుకు.

రిజిస్టర్‌లో అబద్ధం

జాలితో రాసినా అబద్ధం రిజిస్టర్‌లో అబద్ధంగానే ఉంటుంది. రెండేళ్ల తర్వాత ఇంకో కాటా కలవకపోతే, కొత్తగా చేరిన సాంకేతికుడు నా పాత పేజీ చదివి, ముందు బ్యాటరీ మార్చాడు. కలవలేదు. ఇంకో బ్యాటరీ తెప్పించి మార్చాడు. అసలు కారణం ఫోన్ లైన్. ఒక రోజంతా బండ్లు ఎండలో నిలబడ్డాయి, నా చేతిరాత వల్ల. అప్పుడైనా నోరు విప్పాల్సింది, విప్పలేదు. లింబాద్రి ఉద్యోగం గురించి భయపడ్డానని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి అప్పటికి నా గురించే భయపడ్డాను.

ఇప్పుడు నా కుర్చీలో ఉన్న అమ్మాయికి చెప్పేది ఇంతే. సర్టిఫికెట్ పని చేయనప్పుడు ముందు రెండు వైపులా తేదీ చూడు, టైమ్ తర్వాత. దొరకలేదంటే లేదని కాదు, ఆ మిషను దాన్ని ఒప్పుకోలేదని అర్థం. కొత్తది ఇచ్చే ముందు పాతది ఎందుకు ఆగిందో తెలుసుకో. ఆ గడియారాన్ని మనిషి మార్చాడని తెలిస్తే, కోపం తెచ్చుకునే ముందు ఎందుకు మార్చాడో అడుగు. అడిగాక, రిజిస్టర్‌లో నిజం రాసి, అతని పక్కన నిలబడు. నేను మొదటి సగం చేశాను, రెండో సగం చేతకాలేదు.

మానేసే ముందు ఐదు కాటాలూ తిరిగి ఆ అమ్మాయికి అన్నీ అప్పగించాను. చివరిది పెద్ద కొడప్‌గల్. లింబాద్రి జుట్టు పూర్తిగా తెల్లబడింది. చాయ తెప్పించాడు. సాయవ్వ చెరకు మాని మక్కజొన్న వేస్తోందని చెప్పాడు. బస్సు కోసం రోడ్డు దాకా నాతో నడిచి వచ్చాడు.

"ఇప్పుడు వానొచ్చినా ఫికర్ లేదు గదన్నా?" అని అడిగాను. మంచి మాటతో ముగిద్దామనుకున్నాను.

అతను రోడ్డు వంక చూస్తూ నవ్వాడు. బస్సు వచ్చి ఆగింది. మెట్టు ఎక్కుతుంటే నా సంచి అందిస్తూ అన్నాడు:

"వాన ఆఫీసు టైమ్ జూసుకోని వస్తదా బిడ్డా? శనారం పొద్దుమీకి వడ్డదనుకో, సంతకం వెట్టే సారు సోమారం దాక దొరకడు. తారీకుకు తాళమేసినవ్, మంచిదే. గా ఆయితారం నేను బండ్ల ముంగట నిలవడి ఏం చెప్పాలె?"